ఆమె బదులు నేనే మాట్లాడాను

ఆ సోమవారం అనిశోరా అడిగినదాంట్లో వింతేమీ లేదు. బర్లాద్ ఊళ్ళో అందరూ చేస్తున్న పనే. అయినా వెతూరియా టీచరు మాత్రం కూచున్న కుర్చీ ఎవరో లాగేసినట్టు ఉలిక్కిపడింది.

ఒంటిగంట ఫ్రెంచి పాఠానికి ఇద్దరూ అప్పుడే బల్ల దగ్గర కూచున్నారు. రోజూ ఉదయం ఎనిమిది నుంచీ సాయంత్రం దాకా అనిశోరా లోపలి గదిలో టీచరుగారి తల్లి పని చూస్తుంది. తొంభై ఒక్కేళ్ళ ఎలెనోరా మామ్మకి నడుం కింద నుంచి కదలిక లేదు. ఒళ్ళు తుడిచి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, పుల్లచారులో రొట్టె నానేసి తినిపించి, దుప్పటి ముడతల్లేకుండా లాగి, అప్పుడు మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వంటింట్లోకి వస్తుంది. నలభై నాలుగేళ్ళ మనిషి, బట్టల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి, బల్ల ముందు కూచోగానే బడికి కొత్తగా వచ్చిన పిల్ల అయిపోతుంది. పనికి పాఠం, పాఠానికి పని. పద్నాలుగు నెలలుగా ఇదే ఏర్పాటు.

"టీచరుగారూ, కోప్పడనంటే ఒక్క మాట."

"కోప్పడే మాటయితే కోప్పడతాను. చెప్పు."

"బెల్జియం వాళ్ళకి ఫారం పంపించేశానండీ."

వెతూరియా చేతిలో ఎర్ర పెన్సిలు ఆగిపోయింది. "నాతో చెప్పకుండానా?"

"చెబితే 'ఇంకా రాలేదు, ఆగు' అంటారని." అనిశోరా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే గబగబా చెప్పేసింది. అక్కడెక్కడో ముసలివాళ్ళ ఆశ్రమమట. నలుగురు ఆడవాళ్ళు కావాలట. ఆదివారం పొద్దున్నే బస్సు. ఈ వారంలో ఎప్పుడో ఒక పొద్దుట వాళ్ళే ఫోన్ చేసి ఫ్రెంచిలో మాట్లాడించి చూస్తారట. "నా సెల్లు సగం మాటలు మింగేస్తుంది కదండీ. పైగా ఆ టైముకి నేనుండేది ఇక్కడే. అందుకని మీ ఇంటి నంబరు రాశాను. తప్పా?"

"తప్పేముంది" అంది వెతూరియా.

"మా వదిన ఏమందంటే..." అనిశోరా నోటుబుక్కు అట్ట మూల గోటితో గీకింది. "'మీ టీచరమ్మ చేత మాట్లాడించెయ్యవే, అందరూ చేసేదేగా' అంది. తపాలా ఆఫీసు దగ్గర దర్జీ కూతురు లేదూ, ఆ పిల్ల ఒక్క రోజే ముగ్గురి బదులు మాట్లాడిందట. ఒకామెకి బొంగురుగా, ఒకామెకి ముక్కు పట్టుకుని, మూడో ఆమె దగ్గరికొచ్చేసరికి ఓపిక లేక జలుబని చెప్పిందట. ముగ్గురూ పాసు! వాళ్ళలో ఒకామె ఇప్పటికీ అక్కడ చేతుల్తో సైగలు చేసుకునే బతుకుతోందట."

చెప్పి పకపకా నవ్వింది గానీ కళ్ళు మాత్రం టీచరు మొహం మీదే ఉన్నాయి. అడగాల్సింది అడిగేసింది.

"చూడు అనిశోరా." వెతూరియా పెన్సిలు బల్ల మీద పెట్టింది. "ముప్పై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో ఫ్రెంచి చెప్పాను. స్కూల్ డైరెక్టరు కొడుకు పక్కవాడి పేపరు చూసి రాస్తే వాడి కాగితం చింపి చేతిలో పెట్టాను. ఒకరి పరీక్ష ఇంకొకరి నోటితోనా? నా ఇంట్లోనా?"

అనిశోరా మొహం చెవుల దాకా ఎర్రబడింది. "తప్పయిపోయిందండీ. అడగకూడదు. వదిన మాట పట్టుకుని... బుద్ధి లేకపోయింది నాకు. నాకొచ్చినంతే మాట్లాడతానండీ."

"ఆఁ. అదీ మాట" అని వెతూరియా పుస్తకం తిప్పింది. తొమ్మిదో పాఠం. మళ్ళీ తొమ్మిదో పాఠమే.

ఇంత నీతి చెప్పిన మనిషికి ఒక సంగతి తెలుసు. పోయిన ఏప్రిల్లో ఒకరోజు, 'నువ్వుండే ఇంటి గురించి చెప్పు' అంటే అనిశోరా తడుముకోకుండా ఫ్రెంచిలో చెప్పుకొచ్చింది. "నేనుండేది అన్నయ్య వాళ్ళ వంటింట్లో. అందరూ తిన్నాక బల్ల జరిపి మడతమంచం వేసుకుంటాను. అన్నయ్య ఆలస్యంగా తింటాడు. ఆయన తినేదాకా నాకు పడుకోవడానికి చోటుండదు. నిద్రొస్తే నిలబడతాను. నాకు ఒక తలుపు కావాలి, నేను లోపలికెళ్ళి వేసుకునే తలుపు." వెతూరియా ఎర్ర పెన్సిలు పట్టుకుని విన్నది విన్నట్టే ఉండిపోయింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు. ఆ రోజే "ఇంకా రాలేదమ్మా, కంగారు పడకు" అంది. ఆ వసంతంలో ఒక బస్సు వెళ్ళిపోయింది. సెప్టెంబరులో ఇంకొకటి వెళ్ళిపోయింది. రెండుసార్లూ టీచరుగారి మాట మీద అనిశోరా ఫారం పంపకుండా మానుకుంది.

సిగ్గనిపించలేదా అంటే, అనిపించింది. కానీ పొద్దున్న ఎనిమిదింటికి తలుపు తట్టిన చప్పుడు వినగానే ఆ సిగ్గు ఎక్కడికో పోయేది. తట్టకపోతే ఏమవుతుందన్న భయం దానికంటే పెద్దది.

మంగళవారం మామ్మకి తలంటు. అదొక పెద్ద తతంగం. అనిశోరా మంచం తలవైపు దిళ్ళు తీసేసి, ప్లాస్టిక్ గుడ్డ పరిచి, ఎత్తు తక్కువ బేసిను మెడ కిందికి జరిపి, మెడకీ బేసినుకీ మధ్య తువ్వాలు చుట్టి పెట్టింది. నీళ్ళు తన మణికట్టు మీద పోసి చూసుకుంది. కొంచెం చల్లనీళ్ళు కలిపింది. మళ్ళీ చూసుకుంది. ఎడమ అరచేతిలో ముసలావిడ తల పసిబిడ్డ తలలా నిలబెట్టి, కుడిచేత్తో మగ్గు వంచింది. వెతూరియా ఇదంతా గుమ్మంలోంచి చూసింది. ఆవిడెప్పుడూ గుమ్మం దాకానే.

"కళ్ళు మూసుకోండి మామ్మగారూ, సబ్బు."

"మూసుకున్నానే తల్లీ. ఇంకా గట్టిగా రుద్దు. పేలుంటే చావాలి."

"మీ తలలో పేలా? అవి ఎప్పుడో పింఛను పుచ్చుకుని పోయాయి."

ముసలావిడ నవ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే హాల్లో ఫోన్ మోగింది.

"టీచరుగారూ, చూస్తారా? నా చేతులు ఖాళీ లేవు!"

వెతూరియా వెళ్ళి తీసింది. "అనిశోరా గారేనా అండీ?" అంది అవతల ఒక ఆడగొంతు, నెమ్మదిగా, స్పష్టంగా. ఫ్రెంచి. పుస్తకంలోది కాదు, క్యాసెట్టులోది కాదు, పుట్టిన దగ్గర్నుంచీ అదే మాట్లాడుతున్న మనిషి ఫ్రెంచి. తన పేరు మదాం దెల్వో అని, కంగారు పడొద్దని, ఊరికే కాసేపు మాట్లాడుకుందామని చెప్పింది.

'ఒక్క నిమిషం, పిలుస్తాను' అనాలి. అంతే. నోటి చివర దాకా వచ్చింది కూడా. లోపల మగ్గులోంచి నీళ్ళు పడుతున్నాయి. అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆదివారం బస్సు వెళ్ళిపోతే సోమవారం ఎనిమిదింటికి ఆ గదిలోకి ఎవరు వెళ్ళాలి? ఆ దుప్పటి ఎవరు ఎత్తాలి? తల్లి ఒళ్ళు చూస్తే వెతూరియాకి కడుపులో తిప్పుతుంది. కన్నతల్లే, అయినా తిప్పుతుంది. ఈ సంగతి ఈస్టరు ముందు పాపాలు చెప్పుకునేటప్పుడు ఫాదరుగారికి కూడా చెప్పలేదు.

గది తలుపు మెల్లిగా మూసి, "అవునండీ. నేనే" అంది.

తర్వాతిదంతా ఎంత తేలిగ్గా జరిగిపోయిందో! వయసెంతని అడిగితే అంకెలు తడుముకుంది. ఏం పని చేసేవారని అడిగితే 'ఫ్యాక్టరీ, బట్టలు, చాలా' అని ఆపేసింది. ముసలాయన కిందపడితే ముందు ఏం చేస్తారని అడిగితే, ప్రశ్న అర్థం కానట్టు మూడుసార్లు 'ఏమన్నారు?' అంది. పలకడం కూడా అచ్చం అనిశోరా పలికినట్టే పలికింది. ఇప్పటి అనిశోరా కాదు, మొదటి నెల అనిశోరా. తను కూచుని ఒక్కొక్కటీ దిద్దిన తప్పులన్నీ ఏరి తెచ్చి మళ్ళీ తన నోట్లోనే పెట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళుగా పిల్లల తప్పులు విన్న చెవి అది, ఒక్కటి కూడా పొల్లు పోలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏంటంటే, మధ్యలో ఒకచోట ఆవిడకి ఆ పని బాగా చేస్తున్నానని గర్వం కూడా కలిగింది.

"మీరు చాలా కష్టపడుతున్నారని తెలుస్తోంది" అంది మదాం దెల్వో చివర్న, పాపం, ఒక్కో మాటా విడదీసి. "ఇప్పటికి సరిపోదండీ. చిన్నతనంగా అనుకోకండి. వసంతం నాటికి ఇంకాస్త నేర్చుకుని మీరే నాకు ఫోన్ చెయ్యండి. నంబరు రాసుకుంటారా?"

వెతూరియా రాసుకుంది. ఎవరైనా నంబరు చెబితే రాసుకోవడం అలవాటు. గోడ మీద చర్చి క్యాలెండరు అంచున రాసింది.

"ఎవరండీ?" అనిశోరా మామ్మ తలకి తువ్వాలు చుడుతూ గదిలోంచే అడిగింది.

"ఎవరో. రాంగ్ నంబరు."

"ఇంతసేపా?"

"చెబితే వినడే! ఇదే నంబరని ఒకటే గోల" అంది వెతూరియా. అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆవిడకి అరవై ఏడేళ్ళు వచ్చేదాకా తెలీదు.

బుధవారం ఫోన్ రెండుసార్లు మోగింది. మోగినప్పుడల్లా అనిశోరా చేతిలో పని అక్కడే వదిలేసి హాల్లోకి ఉరికింది. ఒకసారి పొడరు డబ్బా పట్టుకునే వచ్చింది. మొదటిది మందుల షాపువాళ్ళు, రెండోది పైఅంతస్తు ఆవిడ నీళ్ళ పైపు గురించి. రిసీవరు పెట్టేసిన ప్రతిసారీ "హమ్మయ్య" అని నవ్వింది, నిరాశని అలా కప్పుకుంటూ. మిగతా పొద్దంతా మామ్మ ఒళ్ళు తోముతూ పెదాలు కదుపుతూనే ఉంది. 'ముసలాయన కిందపడితే ముందు లేవనెత్తకూడదు. ముందు అడగాలి, ఎక్కడ నొప్పి అని. తల తాకి చూడాలి. ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు.' ఫ్రెంచిలో. గుమ్మం అవతల వెతూరియా విన్నది. అదే ప్రశ్న. అదే అడిగింది ఆ మదాం. జవాబు ఇదిగో, ఇక్కడ పొడరు అద్దుతూ చెప్పుకుంటోంది ఈ పిచ్చిది.

ఆ రోజు పాఠం అరగంటకే ముగించేసింది. తలనొప్పని చెప్పింది. అనిశోరా మెంతోలు తెచ్చి కణతలకి రాయబోతే చెయ్యి తోసేసింది. తోసేశాక ఎందుకు తోసేశానా అని ఇంకో సిగ్గు.

గురువారం అనిశోరా పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పద్నాలుగు నెలల్లో అదే మొదటిసారి. బూట్ల మంచు దులుపుకుని, కోటు తగిలించి, "నమస్కారమండీ" అని లోపలికెళ్ళిపోయింది. పొద్దుటంతా మాట లేదు. పక్క మార్చింది, మడమల కింద మెత్తలు పెట్టింది, వీపు మీద ఎర్రబడిన చోట మందు రాసింది. మామ్మ రెండుసార్లు జోకు వేసినా "ఊఁ" అనే ఊరుకుంది. వెతూరియా వంటింట్లో కూచుని బంగాళాదుంపలు చెక్కింది. ఇద్దరికి కావలసినవి కాదు, పదిమందికి సరిపోయేన్ని చెక్కేసింది.

ఒంటిగంటకి అనిశోరా వచ్చింది. నోటుబుక్కు లేదు. వంటింటి తలుపు మెల్లిగా దగ్గరికి వేసింది.

"టీచరుగారూ, నాకు తెలిసిపోయింది."

వెతూరియాకి కత్తి కింద పెట్టాలని కూడా తోచలేదు.

"నిన్న సాయంత్రం ఏజెన్సీకెళ్ళి అడిగాను, ఇంకా ఫోన్ రాలేదేమని. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి 'అదేంటి, మంగళవారం పదిన్నరకి నీతో మాట్లాడారుగా, వయసు కూడా సరిగ్గా చెప్పలేకపోయావట' అంది. నాకేం అర్థం కాలేదు. దారంతా నడుచుకుంటూ ఆలోచించాను. మంగళవారం పదిన్నర. మామ్మగారి తలంటు." అనిశోరా ఒక అడుగు ముందుకేసింది. "మీరు మాట్లాడారు కదండీ. నా బదులు."

"అనిశోరా..."

"నన్ను చెప్పనివ్వండి. డైరెక్టరు కొడుకునే వదల్లేదన్నారు. అలాంటి మనిషి, నాకోసం... ఈ ఏబ్రాసి మొహం కోసం... మీ జన్మలో చెయ్యని పని చేశారు." అంతే, ఆమె వంగి వెతూరియా చెయ్యి పట్టుకుని, బంగాళాదుంప మట్టి అంటిన చెయ్యి, ముద్దు పెట్టేసుకుంది. "పోయిందని బాధపడకండి. మీ తప్పేం లేదు. మీది పుస్తకాల ఫ్రెంచి కదండీ, గొప్ప ఫ్రెంచి. ఫోన్లో వాళ్ళు గబగబా మాట్లాడతారు. చెవులు కూడా ఈ వయసులో... ఎవరికైనా అంతే. నేను ఆ అమ్మాయితో 'అవునమ్మా, నేనే, కంగారుపడ్డాను' అని చెప్పేశాను. ప్రాణం పోయినా ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పను. మా వదినకి కూడా. టీచరుగారికి ఫ్రెంచి రాలేదన్న మాట నా నోట రాదు."

వెతూరియా విన్నది. తల కొట్టేసినట్టయింది. పోనీ తిట్టినా బాగుండేది. తను చేసిన ద్రోహాన్ని ఈ మనిషి త్యాగంగా మార్చి పెట్టింది, పైగా తన చదువు మీద జాలి పడుతోంది! ముప్పై తొమ్మిదేళ్ళ చదువు! 'నాకు ఫ్రెంచి రాకపోవడమేమిటి' అని ఒక్క అరుపు గొంతు దాకా వచ్చింది. ఆ అరుపు అరిస్తే దాని వెనకాలే నిజమూ బయటికొస్తుంది.

"అవును" అంది చివరికి, కళ్ళు దించుకుని. "సరిగ్గా వినపడలేదు."

ఆ మాట అన్నందుకు ఆవిడ బతికున్నంత కాలం సిగ్గుపడాల్సిందే.

"నాకు తెలుసండీ" అంది అనిశోరా, కళ్ళు తుడుచుకుంటూ. "పోతే పోనివ్వండి. వసంతం దాకా ఇక్కడే ఉంటాను. మామ్మగారు కూడా నాకు అలవాటైపోయారు."

కావాలనుకున్నదంతా దొరికింది. ఆ రాత్రి వెతూరియాకి ముద్ద దిగలేదు.

శుక్రవారం అనిశోరా జున్ను పెట్టిన పిండివంటలు తెచ్చింది. ఇంకా వేడిగా ఉన్నాయి, గుడ్డలో చుట్టి కోటు లోపల పెట్టుకుని తెచ్చింది. "పొద్దున్నే నాలుగింటికి లేచి చేశానండీ. ఆ టైములో వంటిల్లు నాదే" అంది. ఎవరికైనా జబ్బు చేస్తే చూడ్డానికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే వంట అది.

పాఠం మొదలైంది. ముందు వెతూరియా గమనించలేదు. రెండు నిమిషాలయ్యాక గమనించింది. అనిశోరా మెల్లగా మాట్లాడుతోంది. ఎంత మెల్లగా అంటే, అవతలివాళ్ళకి అర్థం కావాలని మాట్లాడినంత మెల్లగా. చిన్న చిన్న మాటలే వాడుతోంది. రోజూ కొత్త మాటలకి అర్థాలడిగి ప్రాణం తీసేది, ఇవాళ ఒక్కటీ అడగలేదు. తొమ్మిదో పాఠం తీసి, ఏడాది కిందటే మానేసిన తప్పొకటి కావాలని చేసి, కనుబొమలు పైకెత్తి ఎదురుచూస్తూ కూచుంది.

వెతూరియా దిద్దింది.

"ఆఁ, అవునండీ! చూశారా, మీరు చెబితే గానీ తెలీలేదు నాకు" అని అనిశోరా మొహమంతా వెలిగించుకుని తలూపింది.

ఇంకో తప్పు చేసింది. మళ్ళీ ఎదురుచూసింది. పసిపిల్ల రెండడుగులు వేస్తే చప్పట్లు కొట్టే తల్లి మొహం అది.

వెతూరియా ఎర్ర పెన్సిలు నోటుబుక్కు మీద పెట్టింది. ఇంక భరించడం తన వల్ల కాదు. చచ్చేంత సిగ్గు అంటారే, అది మాటవరసకి అనే మాట కాదని అప్పుడు తెలిసింది.

"టైమెంతయింది?" అంది.

"ఒకటీ ఇరవై. అయ్యో, మామ్మగారిని తిప్పే టైము దాటిపోయింది!" అనిశోరా లేచి లోపలికి పరిగెత్తింది.

వెతూరియా హాల్లోకి వెళ్ళింది. క్యాలెండరు అంచున నంబరు చూసి తిప్పింది. గది తలుపు తెరిచే ఉంది. మూయడానికి చెయ్యి చాపింది, మళ్ళీ దించేసింది. అక్కణ్ణుంచి అనిశోరా వీపు కనిపిస్తోంది. మంచం మీదికి వంగి, ఒక చెయ్యి ముసలావిడ భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి ఉంది.

"మదాం దెల్వో గారేనా? నమస్కారం. నా పేరు వెతూరియా హంగాను." క్లాసులో నిలబడి మాట్లాడినట్టే వచ్చింది, ముప్పై తొమ్మిదేళ్ళు మాట్లాడిన ఫ్రెంచి. "నేను ఫ్రెంచి టీచరుని. మంగళవారం మీరు అనిశోరా గారి కోసం ఫోన్ చేశారు. మీతో మాట్లాడింది ఆమె కాదు. ఆమె బదులు నేనే మాట్లాడాను."

గదిలో మంచం కిర్రుమనడం ఆగిపోయింది.

"లేదండీ, ఆమెని పాస్ చేయించడానికి కాదు. ఫెయిల్ చేయించడానికి. కావాలనే తప్పులు మాట్లాడాను. ఆమె మా అమ్మకి సేవ చేస్తుంది. ఆమె వెళ్ళిపోతే ఆ పని నేను చెయ్యాలి. నాకు చెయ్యాలని లేదు. అందుకే చేశాను. ఆమెకి ఈ సంగతి తెలీదు. నేను సాయం చేయబోయాననుకుని నాకు థాంక్స్ చెప్పింది."

అనిశోరా తిరిగి చూడలేదు. మెడ మాత్రం బిగిసింది. ఆ వీపు చూస్తే చాలు, ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైందని ఎవరైనా చెప్పగలరు. అంత గబగబా, అంత బరువైన ఫ్రెంచిలో చెప్పినా.

అవతల మదాం దెల్వో ఇంతకుముందున్న మెత్తదనం ఏమీ లేని గొంతుతో, "ఆమె అక్కడున్నారా?" అంది. "ఇవ్వండి."

"అనిశోరా, నీకు" అంది వెతూరియా.

అనిశోరా ముసలావిడ వీపు వెనక దిండు దోపి, పక్కకి పడిపోకుండా చూసుకుని వచ్చింది. ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. వెతూరియా మొహం చూడకుండానే రిసీవరు పుచ్చుకుంది. మొదటి రెండు మాటలకి గొంతు కీచుమంది. తర్వాత సర్దుకుంది. వయసు చెప్పింది. ఫ్యాక్టరీ గురించి చెప్పింది. ముసలాయన కిందపడితే ఏం చెయ్యాలో చెప్పింది, ఎందుకు అలాగే చెయ్యాలో కూడా చెప్పింది. మధ్యలో ఏదో అంటే అవతల ఆవిడ నవ్వింది, ఇటు దాకా వినపడింది. ఆరు నిమిషాలు. వెతూరియా గోడకి ఆనుకుని నిలబడి, అలవాటు కొద్దీ తప్పుల కోసం విన్నది. రెండే దొరికాయి, అవీ చిన్నవి.

"సరేనండీ. ఆదివారం. ఉంటాను" అని అనిశోరా ఫోన్ పెట్టేసింది.

కోటు తీసుకుంటుందేమో అనుకుంది వెతూరియా. తీసుకోలేదు. గదిలోకి నడిచింది. గుమ్మం దాటాక ఆగి, "రండి" అంది.

"నేనా?"

"ఆవిణ్ణి సగంలో వదిలేశాను. రండి."

వెతూరియా గుమ్మం దాటింది. మంచానికి అటు పక్క నిలబడింది. మందు వాసన, వయసు వాసన. అయినా నిలబడింది.

అనిశోరా దిండు తీసేసి మళ్ళీ రెండు చేతులూ ముసలావిడ కింద పెట్టింది. తల పైకెత్తకుండానే అడిగింది. "ఫోన్ ఒక్కటేనాండీ?"

"అంటే?"

"పోయిన వసంతంలో 'ఇంకా రాలేదు' అన్నారు. సెప్టెంబరులోనూ అన్నారు. అప్పుడు నిజంగా రాలేదా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్కటీ దాచుకోవచ్చు. ఎవరూ తేల్చలేని సంగతి అది.

"వచ్చేసింది" అంది వెతూరియా. "ఏప్రిల్లోనే వచ్చేసింది."

అనిశోరా కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. లెక్కపెడుతోందని వెతూరియాకి తెలిసింది. "పది నెలలు" అంది కళ్ళు తెరిచి. "పది నెలలు ఆ వంటింట్లో నిలబడి, నా బుర్ర మొద్దుబుర్ర అనుకున్నానండీ. ఏడ్చేదాన్ని. ఇంత మంచి టీచరు ఇంత కష్టపడి చెబుతున్నా ఎక్కట్లేదే అని, మీకోసం సిగ్గుపడేదాన్ని."

వెతూరియాకి క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఒక చెయ్యి ఇటు భుజం కింద పెట్టండి. ఇంకా లోపలికి. వేళ్ళతో కాదు, అరచెయ్యి మొత్తం. ఇంకోటి తుంటి కింద. మోకాలు మంచానికి ఆనించండి, లేకపోతే మీ నడుం పోతుంది." పాఠం చెప్పే గొంతే. అందులో కోపం లేదు, ప్రేమా లేదు. "పట్టుకున్నారా?"

"ఆఁ."

"గట్టిగా పట్టుకోండి. నేను తీసేస్తున్నాను."

తీసేసింది. బరువంతా ఒక్కసారిగా వెతూరియా చేతుల్లోకి వచ్చింది. ఎండిపోయిన ఈ మనిషిలో ఇంత బరువుంటుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. వెనక హాల్లో కోటు గుండీలు పెట్టుకుంటున్న చప్పుడు, బూట్ల చప్పుడు, తలుపు.

మామ్మ కదిలింది. మొహం గోడవైపుంది, ఎవరో కనపడరు.

"అనిశోరా, ఏంటే నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయి?"

"నేనమ్మా. వెతూరియాని."

ముసలావిడ తల ఇటు తిప్పబోయింది.

"నువ్వా?" అంది. "నువ్వెందుకొచ్చావు? ఆ అమ్మాయికేమైంది?"

వెతూరియా మోకాలు మంచానికి ఆనించింది. చేతులు లాక్కుంటే అమ్మ వెనక్కి పడిపోతుంది. అరచేతుల కింద అమ్మ ఒళ్ళు వెచ్చగా ఉంది.

"వెళ్ళిపోయిందమ్మా" అంది. "ఎప్పుడో వెళ్ళాల్సింది. నేనే ఆపాను."